గోల్‌మురి తెల్లనీళ్ళు, మా ఎర్రనీళ్ళు

మొన్న ఆదివారం పొద్దున్న నేనింకా పళ్ళు తోముకుంటూ ఉండగానే ఆదిత్యపూర్ నుంచి మా చెల్లి వీడియో కాల్ చేసింది. చెల్లంటే తోడబుట్టినది కాదు, మా పిన్ని కూతురు. నాకంటే కొన్ని నెలలే చిన్నదైనా, ఆ కొన్ని నెలల్నీ పట్టుకుని నోరారా అక్కా అక్కా అంటూ, నన్ను ముసలిదాన్ని చేసి తను పడుచుపిల్లలా తిరిగే మనిషి. ఫోనులో దాని మొహానికి బదులు ఒక గాజుగ్లాసు కనబడింది. అందులో టీ ఉంది. టీ అని అది చెప్పబట్టి తెలిసిందిగానీ, రంగు చూస్తే బొగ్గుబస్తా మోసినవాడు చేతులు కడుక్కున్న నీళ్ళలాగ ఉంది, ఎన్ని పాలు పోసినా తెల్లబడనంటూ బిగుసుకుని కూర్చున్న రంగు. వాళ్ళ అపార్టుమెంటుకి కుళాయి నీళ్ళు ఇంకా రాలేదు, ఇన్నాళ్ళూ టాంకరు తెప్పించుకునేవారు, కిందటి వారమే కొత్త బోరు వేయించారు, ఆ నీళ్ళతో కాచిన మొదటి టీ అదేనట. టీపొడి కల్తీదేమో, పాలు విరిగాయేమో, గిన్నె మంచిది కాదేమో అని అది ఒక్కొక్కటే చెబుతుంటే నేను పేస్టు నురగతోనే పడీపడీ నవ్వాను. ఆ నవ్వులో ఎన్ని ఏళ్ళ కడుపుమంట చల్లారిందో దానికి తెలియదు. టీపొడికేమీ కాలేదు, పాలకీ ఏమీ కాలేదు. నీళ్ళలో ఇనుముంటే టీ అలాగే అవుతుంది. ఆ రంగు టీని నేను బొడ్డూడని రోజుల నుంచీ ఎరుగుదును. ఆ టీ ఇప్పటికి దారి కనుక్కుని గోల్‌మురిలో స్టీలు కంపెనీ క్వార్టరులో పెరిగిన పిల్ల గ్లాసులోకి చేరింది.

నా వయసువాళ్ళు, ముఖ్యంగా మా ఊళ్ళో పెరిగినవాళ్ళు, ఇక్కడికే సగం కథ పోల్చుకుని ఉంటారు. జంషెడ్‌పూర్‌లో మనుషుల్ని కులాన్ని బట్టో భాషని బట్టో విడదీసేవారని బయటివాళ్ళు అనుకుంటారుగానీ, మా చిన్నప్పుడు అసలు గీత నీళ్ళ దగ్గర ఉండేది. కంపెనీ క్వార్టరు ఉన్నవాళ్ళు ఒక జాతి, లేనివాళ్ళు ఇంకొక జాతి. క్వార్టర్లలో కుళాయి తిప్పితే కడిగిన ముత్యాల్లాంటి నీళ్ళు ధారకట్టేవి. మా పర్సుడీహ్‌లో ఇంటి వెనక చాపాకల్, అంటే చేతిపంపు, దాని కర్రకి వేలాడి కిందికీ మీదికీ ఊగితే అది ముందు దగ్గి, తరవాత తుమ్మి, ఆఖరికి దయతలచి నీళ్ళు కక్కేది.

ఆ నీళ్ళ మాయ చూసినవాళ్ళకే తెలుసు. బకెట్లో పడినప్పుడు గోల్‌మురి నీళ్ళకేమీ తీసిపోనట్టు తేటగా ఉండేవి. కొత్తవాళ్ళెవరైనా చూసి, ఇంత మంచినీళ్ళు పెట్టుకుని ఏడుస్తారేమిటి అనేవారు. కాసేపు ఆగితే అసలు గుణం బయటపడేది. ముందు పచ్చబారి, ఆపైన ఎర్రబారి, మీద నెమలి మెడ రంగులో సన్నటి తెట్టు కట్టి, అడుగున కుంకం లాంటి మడ్డి దిగేది. అన్నం వండితే పచ్చగా వచ్చేది, పప్పు పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాహ్నానికి కూడా పలుకుమీదే ఉండేది, ఇత్తడి చెంబు లోపల తుప్పు పొరలు పొరలుగా లేచేది, తలంటుకుంటే జుట్టు కొబ్బరిపీచులాగ నిటారుగా నిలబడేది. నేను మా తెలుగు బడిలో పక్కన కూర్చునేవాళ్ళకి మా ఇంట్లో రోజూ పులావే వండుతారని చెప్పేదాన్ని. క్యారేజీలో అన్నం పచ్చగా ఉండేది కదా, నమ్మక ఏం చేస్తారు?

అన్నం సంగతి అలా దాటించగలిగానుగానీ తెల్లచొక్కాని దాటించలేకపోయాను. చెల్లీ నేనూ ఒకే బడి, ఒకే క్లాసు, ఒకే దుకాణంలో ఒకే తానులోంచి కోయించిన తెల్ల యూనిఫారం. నెల తిరిగేసరికి దాని చొక్కా కొంగ ఈకలాగ అలాగే ఉండేది, నాది పాలు తక్కువైన టీ రంగుకి వచ్చేసేది. ప్రార్థన వరసలో దూరం నుంచే చెప్పవచ్చు, ఎవరు క్వార్టరు పిల్లలో, ఎవరు చాపాకల్ పిల్లలో. దాని జడ ఎప్పుడూ నూనె రాసిన తాడులాగ మెత్తగా, బరువుగా వీపు మీద పడి ఉండేది. నాది విడిపోయి, చీపురు తిరగేసినట్టుండేది. వెనక బెంచీలో కూర్చుని దాని జడని చూస్తూ, ఈ జడ మా చాపాకల్ కింద ఒక్క నెల తడిస్తే తెలిసివస్తుంది అనుకుంటూ ఎక్కాలు మరిచిపోయేదాన్ని. మీలో ఎవరికైనా నగల మీదో చీరల మీదో కుళ్ళు ఉండి ఉండొచ్చు. నీళ్ళ మీద కుళ్ళుకుని చిక్కిపోయిన ఆడపిల్లని నేనొక్కదాన్నే అయివుంటాను.

ఇక్కడ మా పెద్దవాళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. అమ్మా, పిన్నీ విజయనగరం పక్క పల్లెటూరివాళ్ళు. అమ్మ ముందు పెళ్ళి చేసుకుని వచ్చింది. నాన్నది టాటానగర్ రైల్వే యార్డులో కాంట్రాక్టరు కింద పని. కాంట్రాక్టు మనిషికి క్వార్టరు ఎవరిస్తారు, అందుకే పర్సుడీహ్‌లో ఇల్లు. చెల్లెలి బతుకైనా బాగుండాలని అమ్మే ఊరంతా వెతికి, కంపెనీలో పర్మనెంటు ఉద్యోగం, గోల్‌మురిలో క్వార్టరు ఉన్న సంబంధం కుదిర్చి, పిన్నిని తనే రైలెక్కించి తీసుకొచ్చి పెళ్ళి చేయించింది. అంటే ఆ కుళాయిని పిన్నికి చూపించింది మా అమ్మేనన్నమాట. ఆ పిన్నే ఆదివారాలు మా ఇంటికి వచ్చేటప్పుడు రిక్షాలో కాళ్ళ దగ్గర ఒక స్టీలు క్యాను పెట్టుకుని వచ్చేది. అందులో వాళ్ళ కుళాయి నీళ్ళు. పిల్లకి ఈ నీళ్ళు పడవప్పా, అని నవ్వుతూ అనేది (అప్పా అంటే మా వైపు అక్కా అని), తను కూడా క్యాను నీళ్ళే తాగేది. మా ఇంట్లో మా గ్లాసే తీసుకుని, తన నీళ్ళు పోసుకుని, తాగి, కడిగి బోర్లించేది. కడగడానికి మాత్రం మా నీళ్ళు పనికొచ్చేవి.

అమ్మ టీ పెడతానన్నా పిన్ని ఇప్పుడే తాగి వచ్చానప్పా అనేది. గోల్‌మురిలో తాగి, అంత దూరం రిక్షాలో వచ్చి, ఇప్పుడే అంటే ఎలా నమ్మడం? వాళ్ళు వెళ్ళిపోయాక క్యానులో ఏమైనా మిగిలితే పిన్ని మాకు వదిలి వెళ్ళేది. నాకు ఆ నీళ్ళు గటగటా తాగెయ్యాలని ఉండేది. అమ్మ వాటిని తీసుకెళ్ళి పెరట్లో జామచెట్టు మొదట్లో పోసేసేది. ఆ జామచెట్టు మీద కూడా నాకు కుళ్ళే. మా ఇంట్లో కంపెనీ నీళ్ళు తాగి బతికింది అదొక్కటే.

అప్పట్లో అమ్మకి ఇంకే కోరికా ఉన్నట్టు నేను చూడలేదు. చెల్లెలు తన ఇంట్లో, తన నీళ్ళతో కాచిన టీ ఒక్కసారి తాగాలి. అంతే. దాని కోసం ఆవిడ పడిన పాట్లు కంపెనీలో ఇంజనీర్లు కూడా పడి ఉండరు. కుళాయికి కట్టినట్టు చాపాకల్ మూతికి పాత పంచె కట్టింది, రెండు రోజుల్లో పంచె కాషాయం పుచ్చుకుంది. పటిక తిప్పింది. మునగగింజలు నూరి వేసింది. ఆఖరికి పక్కింట్లో మేము మావుసి అని పిలిచే ఒడియా ఆవిడ వాళ్ళ పుట్టింట్లో చేసే పద్ధతి చెప్పింది. నాన్న కర్రలతో ఒక స్టాండు కొట్టి ఇచ్చాడు. దాని మీద ఒకదాని కింద ఒకటి మూడు కుండలు. పై కుండలో కర్రబొగ్గు, నడిమి కుండలో ఖర్కాయి ఏటి నుంచి తెచ్చి ఎండబెట్టి జల్లించిన ఇసక, అడుగున ఖాళీ కుండ. పై రెండు కుండలకీ అడుగున చిల్లి, చిల్లిలో గుడ్డపేలిక. పంపు నీళ్ళని ముందు పళ్ళెంలోకి ఎత్తునుంచి పోసి, ఒక పూట గాలికి ఎర్రబడనిచ్చి, అప్పుడు పై కుండలో పోయాలి. చుక్క, చుక్క, చుక్క. పొద్దున పోస్తే సాయంత్రానికి అడుగు కుండలో కాసిని తేటనీళ్ళు చేరేవి, కాసేపటికి కాదు కదా మర్నాటికి కూడా ఎర్రబడనివి.

ఆ నీళ్ళు మాకనుకున్నారేమో, కాదు. ఒక పూటంతా కారినా ఇంటిల్లిపాదికీ ఎక్కడ సరిపోతాయి? అమ్మ అడుగు కుండ మీద మూతపెట్టి, మూత మీద చెంబు బోర్లించి, ఆదివారానికి దాచేది. మేము మామూలుగా ఎర్రనీళ్ళే తాగేవాళ్ళం. ఆదివారం వచ్చేది, పిన్ని వచ్చేది, పిన్నితోపాటు క్యానూ వచ్చేది. అమ్మ కుండ మూత తీసే సందర్భమే వచ్చేది కాదు. సోమవారం ఆ నీళ్ళతో టీ పెట్టి నాన్నకి ఇచ్చేది. నాన్న ఆ టీ తాగుతూ, ఏటిది, మనింట్లో టీలాగ లేదే అనేవాడు.

ఈలోగా బడిలో నా పని నేను చేసుకుపోతున్నాను. నా చొక్కా రంగు చూసి క్వార్టరు పిల్లలు తుప్పు, తుప్పు అని పిలవడం మొదలుపెట్టారు. ఏడిస్తే ఇంకా పిలుస్తారని, నేను దానికొక చరిత్ర అల్లాను. మా చాపాకల్ పైపు భూమిలో దిగి దిగి ఇనప కొండల వేళ్ళ దాకా వెళ్ళిందనీ, కంపెనీవాళ్ళు కొండలు తవ్వి కష్టపడి తీసే ఇనుమే మా పంపులో ఊరికే వస్తుందనీ, ఆ నీళ్ళు తాగి తాగి నా ఎముకలన్నీ స్టీలు అయిపోయాయనీ, పెద్దయ్యాక నన్ను కంపెనీ గేటు దగ్గర నిలబెడితే అయస్కాంతం క్రేను నన్ను ఎత్తుకుపోతుందని మా నాన్న భయపడుతున్నాడనీ చెప్పాను. ఎవరో నిరూపించమన్నారు. నేను సిద్ధంగానే ఉన్నాను. పాత లౌడ్‌స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం ముక్క ఒకటి నా సంచీలో ఉండేది. చొక్కా చేతి మడతలో మోచెయ్యి దగ్గర రెండు పిన్నీసులు దాచిపెట్టుకుని, క్లాసందరి ముందూ అయస్కాంతాన్ని మోచేతికి ఆనించి చెయ్యి వదిలేశాను. అది అతుక్కుని నిలబడింది. తుప్పు అన్న మాట ఆ రోజుతో పోయింది. మా చెల్లి కళ్ళు మాత్రం ఇంతింతలై, మొదటిసారిగా నన్ను చూసి అది కుళ్ళుకుంది. ఒక్క పూటే అనుకోండి, అయినా ఆ పూట నా జీవితంలో పెద్ద పండగ.

ఆ తరవాత కొన్నాళ్ళకి చెల్లి బడిలో కళ్ళు తిరిగి పడింది. పాలిపోయి ఉండేది అంతకుముందు నుంచీ. ఆ తెల్లదనాన్ని కూడా నేను కంపెనీ నీళ్ళ మహిమే అనుకుని ఏడ్చేదాన్ని. డాక్టరమ్మ కనురెప్పలు కిందికి లాగి చూసి, పిల్లకి రక్తం తక్కువగా ఉంది, ఒంట్లో ఇనుం చాలదు అని మాత్రలిచ్చింది. ఆ మాత్రలు మింగినప్పుడల్లా దానికి వాంతులు. గుడ్లూ ఆకుకూరలూ కూడా పెట్టమన్నారు. అవి పెడుతున్నారుగానీ, పిన్నికి ఇనుం అన్న మాట తల్లో తిరుగుతూనే ఉంది. అప్పుడు మా చెల్లి మంచంమీద పడుకుని, పెద్దమ్మ వాళ్ళ పంపునీళ్ళలో బోలెడు ఇనుముందనీ, అక్క మోచేతికి అయస్కాంతం అతుక్కోగా తను కళ్ళారా చూశాననీ చెప్పిందట.

ఆదివారం కాని రోజు పిన్ని రావడం అదే మొదలు. చేతిలో అదే స్టీలు క్యాను. కానీ ఆ రోజు క్యాను ఖాళీగా ఉంది. మూత తీసి అమ్మ ముందు పెట్టి, నీళ్ళు కావాలప్పా, పిల్లకి నీ ఇంటి నీళ్ళు కావాలి అంది. అమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆవిడ మొహం వెలిగిన తీరు నేను చెప్పలేను. ఏ రోజు కోసం కుండలు కడిగిందో, ఇసక జల్లించిందో, ఆ రోజు వచ్చేసింది. పరుగున వెళ్ళి, చెంబు తీసి, మూత తీసి, అడుగు కుండలోంచి ఒక గాజుగ్లాసు నిండా ముంచి, వెలుతురులో పైకెత్తి చూపించింది. గోల్‌మురి కుళాయి సిగ్గుపడాల్సిందే. పిన్ని దానివంక చూసి తల అడ్డంగా ఊపింది.

"ఈ తెల్లనీళ్ళు నాకెందుకప్పా, మా ఇంట్లో లేవేటి? ఎర్రనీళ్ళే కావాల. బాగా ఎర్రగున్నయి, అడుగుమడ్డితో ఇయ్యి."

ఎత్తిన గ్లాసు అమ్మ చేతిలో అలాగే ఉండిపోయింది. నేను తలుపు వెనక ఉన్నాను. పిన్ని అయస్కాంతం సంగతీ, ఇనప కొండల సంగతీ, నా ఎముకల సంగతీ ఏకరువు పెడుతూ ఉంటే, అమ్మ చూపు నెమ్మదిగా తిరిగి తలుపు సందులోంచి నా మీద ఆగింది. ఆవిడ నన్ను కన్నది, పెంచింది, నా నోటి సంగతి తెలియనిది కాదు. పిన్నితో మాత్రం, కూర్చోవే, ముందు టీ తాగు అని వంటింట్లోకి వెళ్ళింది. పిన్ని ఈసారి ఇప్పుడే తాగానని అనలేదు. పిల్ల మాట తప్ప ఆవిడకి వేరే ధ్యాస లేదు. అమ్మ చేతిలో ఉన్న ఆ గ్లాసుడు నీళ్ళూ గిన్నెలో పోసి టీ పెట్టింది. చక్కటి ఎర్రమట్టి రంగు టీ. పిన్ని కూతురి గురించి చెబుతూ, మధ్యమధ్య కళ్ళు తుడుచుకుంటూ, ఆ టీ రంగు చూడకుండా, రుచి చూడకుండా, మొత్తం తాగేసింది. అమ్మ ఖాళీ గ్లాసు అందుకుని అందులోకి చూసింది. తాగేసింది, అంది తనలో తను. ఆ గ్లాసు సాయంత్రం దాకా కడగకుండా గూట్లోనే ఉంది.

పిన్ని పెరట్లోకి వెళ్ళి చాపాకల్ దగ్గర నిలబడి, దానికి దండం పెట్టేటంత పని చేస్తుంటే, అమ్మ నన్ను వంటింట్లోకి చెవి పట్టుకుని లాగింది.

"ఓసి గుంటా, అయస్కాంతమేటి, కొండలేటి? నీ నోట్లోది నాలికేనా?"

"నానేటి సేసినాను? నిజంగానే ఇనుముంది కదేటి మన నీళ్ళలో?"

"ఉంటే? నా సెల్లి కూతురికి తుప్పు తాగిత్తానేటి?"

"మరి నానేటి తాగుతన్నాను ఇన్నాళ్ళూ?"

అమ్మ నా చెవి వదిలేసి, ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, నువ్వు అలవాటు పడిపోయినావే, అంది. అలా అని, అటకమీది డబ్బా దింపింది. అందులో మా మేనమామ ఊరి నుంచి పంపిన అనకాపల్లి బెల్లం. నాకు దొరక్కుండా ఆవిడ ఎక్కడెక్కడ దాస్తుందో వెతకడానికే నా సెలవులు సరిపోయేవి. ఆ బెల్లం గడ్డ చితక్కొట్టి, అడుగు కుండలోని తేటనీళ్ళలో వేసి, నాకు వీపు పెట్టి నిలబడి గరిటెతో తిప్పింది. ఇంకేదో కూడా వేసింది, డబ్బా మూత చప్పుడు విన్నానుగానీ ఏమిటో చూడలేదు. చూస్తూ ఉండగానే నీళ్ళు మా పంపునీళ్ళ రంగుకే తిరిగాయి. ఒక చుక్క వెయ్యమని చెయ్యి చాపాను. చేతి మీద ఒకటేసింది.

క్యాను నింపి పిన్నికి ఇస్తూ, మా అమ్మ, ఏనాడూ అబద్ధమెరగని మా అమ్మ, చెక్కుచెదరని మొహంతో చెప్పిన మాటలు వింటే నా విద్య ఎక్కడి నుంచి వచ్చిందో మీకే తెలుస్తుంది.

"తియ్యగా ఉంటాదే, కంగారుపడకు. అది ఇనుం తీపి. ఏ రోజుది ఆ రోజే తాగించాల, నిలవుంచితే ఇనుం సచ్చిపోద్ది."

పిన్ని నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? ఇన్నేళ్ళలో మా నీళ్ళు ఒక్క గుక్క తాగి ఉంటే కదా, వాటి రుచి ఏమిటో ఆవిడకి తెలిసేది!

మర్నాటి నుంచి మా చిన్నాన్నకి వచ్చిపడ్డాయి తిప్పలు. డ్యూటీ దిగి, గోల్‌మురి నుంచి పర్సుడీహ్‌కి సైకిలు మీద క్యాను తగిలించుకుని వచ్చేవాడు. కంపెనీ కుళాయి ఇంట్లో పెట్టుకుని చాపాకల్ నీళ్ళకి బయల్దేరిన మనిషిని ఆ రోడ్డు అంతకు ముందు చూసి ఉండదు. తోటివాళ్ళు వేళాకోళం చేస్తున్నారని రుమాలు కప్పుకుని వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా మా ఇంట్లో టీ తాగేవాడు. నాన్నకి ఆ రోజుల్లో ఒక్కసారిగా ఠీవి వచ్చేసింది. కాలు మీద కాలు వేసుకుని, మా నీళ్ళు మంచివేనయ్యా, ఏ రోజైనా తీసుకెళ్ళు అనేవాడు, పంపు కర్ర తనే కొన్నట్టు.

చెల్లి తేరుకుంది. బుగ్గలకి రంగు వచ్చింది. గుడ్ల వల్లనో, ఆకుకూరల వల్లనో, డాక్టరమ్మ మార్చి ఇచ్చిన మందు వల్లనో, ఎవరి వల్లనైతేనేం, బడికి వచ్చి అందరికీ మా పంపు గొప్పలు అదే చెప్పుకునేది. ఆ నీళ్ళు ఎంత తియ్యగా ఉంటాయో, చల్లగా గొంతులోకి దిగుతుంటే ఎలా ఉంటుందో వర్ణించేది. నేను పక్కనే కూర్చుని వినేదాన్ని. పుట్టినప్పటి నుంచి ఆ పంపుకి వేలాడిన చేతులు నావి, ఆ తుప్పు మింగిన గొంతు నాది. తీపి దానికి దొరికింది. నా సొంత కట్టుకథ నా ఇంట్లోంచి బెల్లం మొయ్యడానికి పనికొచ్చింది. పోనీ నిజం చెప్పేద్దామంటే, చెబితే అమ్మ టీ పోతుంది, నా అయస్కాంతమూ పోతుంది. కళ్ళల్లో నిప్పులు పోసుకుని ఊరుకున్నాను.

ఆ తరవాత ఎప్పుడూ పిన్ని మా ఇంటికి క్యాను తేలేదు. ఆదివారాలు వచ్చి, అమ్మ పెట్టిన టీ తాగి, రెండో గ్లాసు కూడా అడిగేది. కుండల స్టాండు చూసి ఇదేంటప్పా అని అడిగిందిగానీ, అమ్మ బొగ్గు ఆరబెట్టుకోవడానికి అని చెప్పి మాట మార్చేసింది.

చిన్నాన్న రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చెయ్యవలసి వచ్చింది. ఉద్యోగంతోపాటు కుళాయి కూడా రిటైరయ్యింది. నది దాటి ఆదిత్యపూర్‌లో స్థలం కొనుక్కుని, అక్కడి నుంచి చెల్లి ఇప్పుడున్న అపార్టుమెంటుకి చేరారు. పిన్నీ చిన్నాన్నా పోయారు, నాన్న పోయాడు, అమ్మా పోయింది. మా పర్సుడీహ్ ఇంట్లో ఇప్పుడు కుళాయి ఉంది, వంటింటి గోడకి నీలిదీపం వెలిగే ఆర్వో మిషను ఉంది. చాపాకల్ ఏనాడో ఎండిపోయింది, కర్ర ఎవరో పట్టుకుపోయారు, మొండెం మాత్రం జామచెట్టు పక్కన నిలబడి ఉంది. నా జుట్టు మెత్తబడే నీళ్ళు వచ్చేసరికి జుట్టే పలచబడింది. చెల్లి జడ మాత్రం ఈనాటికీ లావే. దేవుడి లెక్కలు నాకు అర్థం కావు.

మొన్నటి ఫోనులో నేను నవ్వి నవ్వి ఆగాక అది అలగకుండా ఒక మాట అంది.

"అక్కా, ఈ తుప్పునీళ్ళు నోట్లో పెట్టుకోలేకపోతన్నాను. మీ పంపువీ ఎర్రనీళ్ళేగా, మరి అవెంత తియ్యగుండేవే! పెద్దమ్మ సేతి నీళ్ళు ఇంకొక్కసారి తాగాలనుందే."

ఆ సాయంత్రం ఆర్వో నీళ్ళు ఒక సీసాలో పట్టి, బెల్లం చితక్కొట్టి వేసి, గరిటెతో తిప్పుతుంటే మా అమ్మాయి చూసి, మమ్మీ, పానీ తో పానీ హోతా హై, నీళ్ళంటే నీళ్ళేగా, వాటి మీద ఇంత రాద్ధాంతమేమిటని నవ్వింది. ఆటో ఎక్కి ఖర్కాయి వంతెన దాటి తీసుకెళ్ళాను. మీ పంపు బతికే ఉందా అని చెల్లి ఆశ్చర్యపోతే, నీ కోసం ఒక్క రోజుకి బతికింది అని చెప్పాను. గ్లాసులో పోసుకుని కళ్ళు మూసుకుని తాగింది. కాసేపు నాలిక ఆడించి, ఇదే అక్కా అంది. మళ్ళీ ఒక గుక్క తాగి, ఇదేగానీ ఇది కాదే, ఇంకేదో ఉండేది, అంది.

శొంఠి అయివుంటుంది, లేకపోతే యాలక్కాయ, కాదంటే పచ్చకర్పూరం. ఈ వారమంతా ఒక్కొక్కటీ వేసి కలిపి చూస్తున్నాను. కలిపి నేనే తాగి చూద్దామంటే, దేనితో పోల్చుకోవాలి? ఆ నీళ్ళు అమ్మ నాకొక చుక్క వెయ్యలేదు. ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా మూతబిగించిన సీసానీళ్ళే ఇస్తారు. గోల్‌మురీ ఒకటే, పర్సుడీహూ ఒకటే, ఏ రుచీ లేదు, ఎవరి నీళ్ళు చూసి ఎవరూ కుళ్ళుకోనక్కరలేదు. మా అమ్మ చేతి నీళ్ళ రుచి ఈ లోకంలో మిగిలి ఉన్నది ఒక్క చోటే, మా చెల్లి నాలిక మీద. ఈ ఆదివారం శొంఠి వేసిన సీసా పట్టుకుని మళ్ళీ వంతెన దాటుతాను. అది తాగి కళ్ళు మూసుకుంటుంది. నేను ఎదురుగా కూర్చుని, చిన్నప్పుడు వెనక బెంచీలోంచి దాని జడని చూసినట్టే, దాని మొహంలోకి చూస్తూ ఉంటాను.